అన్నీ ఎడమ చేతులే

మొదటి వానకోటు కుడుతున్న మిషనామె రెండో చెయ్యి అతకబోయి ఆగిపోయింది. ముక్కను అటు తిప్పింది, ఇటు తిప్పింది. మెరుపు వైపు బయటికి పెడితే భుజం వంపు వెనక్కి వస్తోంది. వంపు సరిగ్గా పెడితే మెరుపు లోపలికి పోతోంది. కట్టలోంచి ఇంకో ముక్క లాగింది, అదీ అంతే. కట్టంతా విప్పి మిషను మీద పరిచి చూసుకుని పకపకా నవ్వేసింది.

"ఓ మాస్టరమ్మా! ఈ కోట్లు ఎవరికమ్మా? రెండూ ఎడమ చేతులే ఉన్నవాళ్ళకా?"

మిషన్ల వరసంతా ఘొల్లుమంది. హాలు చివర కటింగ్ బల్ల దగ్గరున్న మాస్టరమ్మ కూడా నవ్వుతూనే వచ్చింది. ఎవరో కట్టలు కలిపేసి ఉంటారనుకుంది. ముక్క చేతిలోకి తీసుకుంది. బట్టలో నున్నటి వైపేదో గరుకు వైపేదో చూడకుండానే చెప్పగల వేళ్ళు ఆమెవి. ఆ వేళ్ళు రెండో కట్ట విప్పాయి, మూడోది విప్పాయి. ఆమె మొహం చూసి నవ్వులు ఆగిపోయాయి.

వానకోటు బట్టకు నీళ్ళు పట్టని పూత ఒకవైపే ఉంటుంది. బట్టను పొరలు పొరలుగా బల్ల మీద పరిచేటప్పుడు మెరుపుకు మెరుపు ఎదురుగా పెడితే, ఒక్క చేతి నమూనాతో కోసినా కుడి ఎడమలు జతలుగా వస్తాయి. అన్ని పొరల మెరుపూ పైకే ఉంటే నమూనాలు రెండు పెట్టాలి, ఒకదాన్ని తిరగేసి. ఈసారి మెరుపు పైకే పరచమని చెప్పింది మాస్టరమ్మే. నమూనా ఒక్కటే పెట్టి కరెంటు కత్తితో నున్నగా, అందంగా, ఒక్క దారప్పోగు కూడా లేవకుండా కోసిందీ మాస్టరమ్మే. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలో చేసే తప్పు ఇది. తెల్లవెంట్రుకలు వచ్చేదాకా ఆ బల్ల మీదే పనిచేసిన మనిషి చేసిందంటే ఎవరు నమ్ముతారు?

సరిగ్గా అప్పుడే మొదలైంది. ముందు ఛాతీ మధ్యలో చిన్న సెగ. తర్వాత అది మెడకూ చెవులకూ పాకి, ఉడుకుతున్న గిన్నె మూత తీసినప్పుడు కొట్టే ఆవిరిలా మొహాన్ని కమ్మేసింది. గుండె దడదడలాడింది. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న యూనిఫాం కోటు లోపల చెమట నడుముదాకా కారింది. చేతిలోని ముక్క వణకడం అందరూ చూశారు. చూసి, చూడనట్టు మిషన్ల మీదికి వంగారు. ఆ మర్యాదకే ఆమెకు ఏడుపొచ్చింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని సుఖంగా ఉండొచ్చు. అద్దాల గదిలోకి పిలిచి, తనే కుర్చీ లాగి వేశాడు.

"కూర్చోండమ్మా. ఏమీ అనుకోవద్దు. ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"లేదండీ."

"మొహం అలా ఎర్రబడుతోంది. చేతులు వణుకుతున్నాయి. మొన్న చెప్పిన మాట ఇవాళ మర్చిపోతున్నారు. హాల్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. నేను నమ్మలేదనుకోండి. అయినా అడగాలి కదా… ఏదైనా అలవాటు…"

"ఏం అలవాటండీ?"

ఆయన బల్ల మీద పెన్నును అటూ ఇటూ దొర్లించాడు. ఆ దొర్లించడం చూశాక గానీ ఆమెకు అర్థం కాలేదు. తాగుడు! పెళ్ళిళ్ళలో చల్లని సోడా తాగినా గొంతు పట్టేస్తుందని భయపడే మనిషి తను. నవ్వాలో చెంప పగలగొట్టాలో తెలియక అలాగే కూర్చుంది.

"శనివారం తప్పు చెప్పాలిగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "బట్ట తిరగేసి పరిచారని చెప్పండి. పొడుగమ్మాయి కాంట్రాక్టు మనిషే, ఎలాగూ ఉంటుందో పోతుందో తెలియదు. మీ బల్ల మీకు మిగులుతుంది. కారణం మీలోనే ఉందంటే మాత్రం కత్తి మీ చేతికివ్వలేను. రేపు వేలు తెగితే నేనేం చెప్పుకోవాలి? శనివారందాకా ప్యాకింగ్‌లో కూర్చోండి."

పొడుగమ్మాయి అంటే బట్ట పరిచే ఆమె. అమ్మాయని పిలుపే గానీ ఇద్దరు బిడ్డల తల్లి. బల్ల ఈ కొసన నిలబడి చెయ్యి చాపితే ఆ కొస అందుతుందని అందరూ ఆటపట్టిస్తారు.

తప్పు చెప్పడమంటే ఆ హాలుకు ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బట్ట పాడుచేసినవాళ్ళు శనివారం పొద్దున మిషన్లు వేసే ముందు కటింగ్ బల్ల పక్కన నిలబడి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలో చెప్పాలి. హాల్లో అందరికన్నా పెద్దవాళ్ళు, "ఈ తప్పు ఇంకెవరు చేశారు?" అని అడుగుతారు. చేసినవాళ్ళు చెయ్యెత్తుతారు. అక్కడితో తప్పు ఒక్కరిది కాకుండా పోతుంది. ఆ సమయంలో నవ్వకూడదు, తర్వాత టీ దగ్గర ఎంతైనా నవ్వుకోవచ్చు. మేనేజర్లు వచ్చారు, పోయారు గానీ ఆ పద్ధతి జోలికి ఎవరూ పోలేదు. మేనేజర్లను మాత్రం ఎవరూ తప్పు చెప్పమని అడగలేదు, అది వేరే సంగతి.

ప్యాకింగ్ పని సుఖమైనదే. కోటు మడిచి కవరులో పెట్టడం, గాలి నొక్కడం, అంటించడం. తలుపు పక్కన కుర్చీ, బయటి గాలి. ఒంటికి హాయిగానే ఉంది, మనసుకే మంట. హాలు చివర తన కత్తి మూలుగు వేరేవాళ్ళ చేతిలో వినిపిస్తుంటే, పుట్టింటికి పోయి చుట్టంలా కూర్చున్నట్టుంది. వంపు తిరిగేచోట కత్తి తడబడితే ఆమె పళ్ళు కొరుక్కుంది.

ఇంటికి వచ్చేసరికి భర్త ఫ్యాను స్విచ్చు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన బస్సుల మెకానిక్కు, ఏ చప్పుడు విన్నా ఎక్కడ వదులైందో చెప్పేస్తాడు. ఇంట్లో వదులైంది మాత్రం ఎక్కడో పట్టుకోలేకపోతున్నాడు.

"పెంచితే నాకు జలుబు, తగ్గిస్తే నీకు నిప్పు. మనిద్దరి మధ్యా ఈ రెగ్యులేటరు నలిగి చస్తోంది," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన స్నానానికి పోయాడు.

ఆమెకు భయం సెగ గురించి కాదు. మొన్న కొట్టువాడి ముందు నిలబడి సూది అన్న మాట రాక, గాలిలో కుట్టి చూపించింది. రోజూ వచ్చే దారిలో ఒక మలుపు దగ్గర ఆగి, ఎటు పోవాలా అని ఆలోచించింది. తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. ఇప్పుడీ ఎడమ చేతులు. మతి పోతోందేమో. ఆ మాట తనకు తాను చెప్పుకోవడానికే ఆమెకు నోరు రావడం లేదు.

వంటింట్లో బీన్స్ తుంచుతుంటే మళ్ళీ సెగ లేచింది. పళ్ళెం పక్కకు తోసి కిటికీ తెరిచి, ఊచలకు నుదురు ఆనించి నిలబడింది. వెనక ముక్కాలిపీట మీద కూర్చున్న అత్తగారు మెల్లగా లేచింది. తువ్వాలు తడిపి, పిండి, మడత పెట్టి కోడలి మెడ వెనక వేసి నొక్కింది.

"మొహానికి కాదు. ఇక్కడ పెడితే తొందరగా దిగుతుంది."

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"తెలియకపోవడమేంటే? ముట్లుడిగే రోజుల్లో నన్నూ కాల్చుకు తింది. నాలుగేళ్ళో ఐదేళ్ళో."

కోడలు గిరుక్కున తిరిగింది. "ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎవరికి చెప్పను? మీ మామగారికా? ఆయనకు కాఫీ చల్లారితే తప్ప ఇంకేదీ తెలిసేది కాదు." అత్తగారు మళ్ళీ పీట మీద కూర్చుని బీన్స్ పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. "అప్పుడే నువ్వు కొత్తగా కాపురానికొచ్చావు. పాపం, నా నోట్లో పడ్డావు. ఓసారి అన్నం గిన్నె విసిరికొట్టాను, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఉంటుందిలే. అది నీ మీద కోపం కాదే. ఎవరి మీదో నాకే తెలియదు. అరిచేసి, పోయి కుళాయి కింద తల పెట్టుకుని ఏడ్చేదాన్ని. పిచ్చెక్కుతోందనుకున్నాను."

"మరి… మరుపో?"

"ఎందుకు లేదూ? నీ మొగుడి పేరే మర్చిపోయానొకసారి. కన్నకొడుకు ఎదురుగా నిలబడితే పేరు రాదే! ఒరేయ్, ఒరేయ్ అంటూ రెండు పూటలు నెట్టుకొచ్చాను."

అని కిసుక్కున నవ్వింది. కోడలు నవ్వలేకపోయింది. కాపురానికొచ్చిన కొత్తలో ఈ మనిషిని రాకాసి అని పుట్టింట్లో చెప్పి ఏడ్చింది తను. ఆ రాకాసి లోపల ఇంత మంట పెట్టుకుని, నిద్రలేని కళ్ళతో లేచి ఇంటిల్లిపాదికీ వండి వార్చి, ఒక్క రోజూ మంచమెక్కలేదు. బీన్స్ తుంచుతున్న ఆ ముడతల చేతుల్ని కోడలు ఎన్నడూ చూడనట్టు చూసింది. అంత పెద్ద విషయం ఆ చిన్న మనిషిలో ఇన్నాళ్ళూ ఎలా పట్టిందో ఆమెకు అంతుపట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని అత్తగారి ఒళ్ళో తల పెట్టేసింది.

"లేవే, బీన్స్ నలుగుతాయి," అంది అత్తగారు, తల నిమురుతూనే.

మర్నాడు సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ తన కన్నా చిన్నది. చెయ్యి పట్టుకుని నాడి చూసింది, బీపీ చూసింది. నిద్ర గురించీ నెలసరి గురించీ అడిగింది. నెలసరి రెండు నెలలు రాకుండా ఒక నెల వరదలా వస్తోందని, కీళ్ళు పట్టేస్తున్నాయని, ఊరికే ఏడుపొస్తోందని ఆమె వేటికవే వేరు వేరు జబ్బులైనట్టు చెప్పుకుపోయింది. చివరికి చీర కొంగు నలుపుతున్నట్టు సంచి పట్టీ నలుపుతూ అసలు సంగతి అడిగింది.

"డాక్టరమ్మా, నాకు మతి పోతోందా?"

"లేదమ్మా. మీరు చెప్పినవన్నీ ఒకటే. మెనోపాజ్ అంటే నెలసరి ఆగిపోయే రోజొక్కటే కాదు. అంతకు ముందు కొన్నేళ్ళ పాటు ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. సెగలు, గుండెదడ, నిద్ర చెడటం, మాట తట్టకపోవడం… అందరికీ అన్నీ రావు, కొందరికి అసలు తెలియకుండానే అయిపోతుంది. మీకు గట్టిగానే పట్టుకుంది. రక్తపరీక్షలు రాస్తాను, రక్తం ఎక్కువ పోతోంది కాబట్టి అదీ చూడాలి. వైద్యం ఉంది. హార్మోన్ మందులు మీకు పడతాయో లేదో చూసి, ఇద్దరం మాట్లాడుకుని మొదలుపెడదాం. పడకపోతే వేరేవి ఉన్నాయి."

"మరుపు కూడా దీనివల్లేనా?"

"దీనివల్లే కావచ్చు. నిద్ర కుదిరితే చాలామందికి తేరుకుంటుంది. అయినా గమనిస్తూ ఉందాం."

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తర్వాత కోపమొచ్చింది. "ఇంత జరుగుతుందని ఎవరూ ముందే చెప్పరేం?"

"నాకు చదువులో ఒక్క పూటే చెప్పారమ్మా," అంది డాక్టరమ్మ సిగ్గుపడుతూ. "మిగిలిందంతా మీలాంటివాళ్ళు వచ్చి కూర్చుంటేనే నేర్చుకున్నాను."

తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆడవాళ్ళను చూసింది. తూకం రాళ్ళు సర్దుతున్న కూరగాయలామె, బడిపిల్లలను రోడ్డు దాటిస్తున్న టీచరు, బ్యాంకు మెట్లెక్కుతున్న ఆవిడ. యాభై చుట్టూ ఉన్న ప్రతి మొహాన్నీ పట్టి పట్టి చూసింది. వీళ్ళలో ఎవరికి ఇప్పుడు సెగ లేస్తోందో! లేస్తూనే తూకం వేస్తున్నారు, దాటిస్తున్నారు, మెట్లెక్కుతున్నారు. ఊరంతా వీళ్ళ మీద నడుస్తోంది, ఊరికి తెలియదు. ఆమెకు ఒళ్ళు జలదరించింది, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

శనివారం పొద్దున పొడుగమ్మాయి ప్యాకింగ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, బట్ట నేనే తిరగేసి పరిచానట. మేనేజరుగారు నిన్న అడిగారు. నువ్వు మెరుపు పైకే అన్నావని నాకు గుర్తు. కాదా? ఎంత ఆలోచించినా అలాగే గుర్తొస్తోంది. నేనే పొరబడ్డానేమో అక్కా."

మాస్టరమ్మ చేతిలోని కవరు కింద పెట్టేసింది. మతి పోతోందన్న భయం ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఆ భయాన్ని ఇప్పుడు ఈ పిల్లకు అంటించబోయారు. నోరు మూసుకుని ఉంటే తనూ అంటించినట్టే.

"నీకు సరిగ్గానే గుర్తుంది. పద," అంది.

అందరూ బల్ల చుట్టూ చేరారు. మేనేజరు గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. బల్ల తలవైపు టేపు బాబాయ్ నిలబడ్డాడు. కుట్టిన అతుకుల్లోంచి నీళ్ళు దిగకుండా వేడిచేసిన టేపు అంటించే పని ఆయనది, హాల్లో అందరికన్నా పెద్ద ఆయనే. మాస్టరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"వానకోట్ల చేతులన్నీ ఎడమవే కోశాను. బట్ట పరచడంలో తప్పు లేదు, నేను చెప్పినట్టే పరిచింది. తప్పు నాది." గోడ దగ్గర మేనేజరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఎందుకు జరిగిందంటే… నాకు ముట్లు ఆగిపోతున్నాయి."

ఆ హాల్లో బొత్తాంకాజా దగ్గర్నుంచి అల్లుళ్ళ జీతాల దాకా మాట్లాడని విషయం లేదు. ఈ మాట మాత్రం మగవాళ్ళ ముందు ఎవరూ అని ఉండలేదు. అందరి చూపులూ నేలకు దిగాయి. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"రాత్రుళ్ళు నిద్ర లేదు. ఉన్నట్టుండి లోపల నిప్పు రాజుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, చేతులు వణుకుతాయి. నేను తాగుతున్నానని అనుకుంటున్నారట, తాగడం లేదు. ఆ రోజు నమూనా పెట్టేటప్పుడు సెగ లేచింది. ఈ కోటు విప్పుకుని గాలి తగలనివ్వాలనిపించింది, సిగ్గేసి ఊరుకున్నాను. తొందరగా ముగించాలని రెండో నమూనా మర్చిపోయి కత్తి వేసేశాను. డాక్టరుకు చూపించుకున్నాను. అది మతి పోవడం కాదట. మెనోపాజట."

ఇప్పుడు అడగాల్సింది టేపు బాబాయ్. ఆయన గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

"ఈ తప్పు… ఇంకెవరు చేశారు?"

తర్వాత వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. బొత్తాలక్కది. నోరు తెరిస్తే నిప్పులేనని అందరూ దూరంగా తిరిగే మనిషి.

"కాజాలు తప్పు వైపు వేసి రెండు కట్టలు పాడుచేశాను చూడండి, కరెంటు తగ్గిందని చెప్పాను. కరెంటు తగ్గలేదు. నాకూ ఇదే." అని ఎవరినో కొట్టబోతున్నట్టు చుట్టూ చూసింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

ఊడ్చే ఆమె చెయ్యెత్తింది. లెక్కలు చూసే ఆవిడ, అద్దాల గది గుమ్మంలోంచి, సగం ఎత్తింది. ఎడమ చేతులు చూసి పకపకా నవ్విన మిషనామె కూడా ఎత్తి, "ఇంకా పూర్తిగా రాలేదు గానీ గుమ్మంలోకొచ్చింది," అంది. ఎవరూ నవ్వలేదు. మాస్టరమ్మ ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. సూదులు గుచ్చుకున్నవి, సబ్బుకు పగిలినవి. ఇన్నేళ్ళుగా రోజూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు. పచ్చడి పంచుకున్నారు గానీ ఇది పంచుకోలేదు.

చేతులు దిగుతుండగా టేపు బాబాయ్ తన చెయ్యి ఎత్తాడు.

"నువ్వెందుకు బాబాయ్?" అంది పొడుగమ్మాయి మెల్లగా.

"నేనూ చెప్పాలమ్మా. పద్ధతంటే పద్ధతే." వేడి టేపుకు బొబ్బలెక్కి గట్టిపడిన చెయ్యి అది. "మా ఇంటావిడ రాత్రుళ్ళు లేచి కూర్చునేది. ఉడికిపోతోందయ్యా అనేది. నీ నస వల్ల నాకు నిద్ర లేదని పక్క బయట వేయించాను. వసారాలో, ఒక్కదానికే. ఊరికే ఏడుస్తోందని పది మందిలో వెక్కిరించాను. ఇప్పుడు మనిషి లేదు. అదేమిటో నాకు ఇవాళ, మాస్టరమ్మ చెబుతుంటే తెలిసింది." చెయ్యి అలా పైనే ఉంచేశాడు. "ఇది మాస్టరమ్మ తప్పు కాదమ్మా. తెలుసుకోనివాళ్ళది."

ఒక మనిషి అంత వయసులో, అంతమందిలో నిలబడి, మన్నించడానికి ఎవరూ మిగలని తప్పు చెప్పుకోవడం వాళ్ళెన్నడూ చూడలేదు. బొత్తాలక్క వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

మేనేజరు గోడ వదిలి ముందుకొచ్చాడు. ఆయన చూపు ముందు పొడుగమ్మాయి మీదికి పోయింది.

"బట్ట సరిగ్గానే పరిచావమ్మా. నేను… నిన్న అలా అడగాల్సింది కాదు." తర్వాత మాస్టరమ్మ వైపు తిరిగాడు గానీ కళ్ళెత్తలేదు. "మీ విషయంలో కూడా. మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలో ఇంకా చెప్పలేదు మీరు."

ఆమె నోరు తెరిచేలోపే మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఈ ప్లాస్టిక్కు యూనిఫాం కోట్లు తీసేసి నూలువి ఇవ్వండి. పై బొత్తాలు విప్పుకుంటే పేరు రాసుకోవద్దు. బల్ల దగ్గర ఫ్యాను. మంచినీళ్ళు ఇక్కడికి, మెట్ల కింద కాదు. కత్తి వేసే ముందు రెండో మనిషి కూడా నమూనాలు చూసి పైకి చెప్పాలి, ఎవరు కోసినా సరే. సెగ లేస్తే ఆపి నిలబడొచ్చు, ఎందుకని అడగకూడదు. ఇంట్లో మగవాళ్ళకు కూడా ఎవరైనా వచ్చి చెప్పాలి, ఆ డాక్టరమ్మనే పిలవండి. మేనేజరు ఒకటొకటే తలూపుతూ విన్నాడు. అన్నీ అవుతాయని ఎవరూ అనుకోలేదు. ఫ్యాను మాత్రం సాయంత్రానికే వచ్చింది. కత్తి కూడా మళ్ళీ మాస్టరమ్మ చేతికే ఇచ్చాడు.

సోమవారం మాస్టరమ్మ వేళ్ళు తెగకుండా వేసుకునే ఇనుప గొలుసుల గ్లౌజు తొడుక్కుని బల్ల దగ్గర నిలబడింది. పొడుగమ్మాయి పొరలు సరిచేసి, నమూనాల మీద వేలు పెట్టి పైకి చెప్పింది. "మెరుపు పైకి. నమూనాలు రెండు. ఒకటి తిరగేసి ఉంది." కత్తి మూలిగింది. అంచు వెంట తిన్నగా పోయి, చంక వంపు దగ్గరికి వచ్చేసరికి ఛాతీలో ఆ చిన్న సెగ కదిలింది.

ఆమె కత్తి ఆపేసింది.

హాలంతా ఆ మూలుగు ఆగడం విన్నది. ఎవరూ తలెత్తలేదు. మిషన్లు తమ పాటికి తాము నడిచాయి. పొడుగమ్మాయి పొరలు జారకుండా రెండు అరచేతులూ బట్ట మీద ఆన్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. మాస్టరమ్మ పై బొత్తాలు రెండు విప్పుకుంది. సెగ మెడకెక్కింది, చెవులకెక్కింది, నెత్తి దాకా పోయింది. ఈసారి దాన్ని తొక్కిపట్టలేదు, దాచలేదు.

"తొందరేం లేదు మాస్టరమ్మా!" మిషనామె తలెత్తకుండానే అరిచింది. "వాన ఇంకా మొదలవ్వలేదు!"

హాలు నవ్వింది. మాస్టరమ్మ కూడా నవ్వింది, నుదుటి మీద చెమట కారుతుండగానే. ఆ చెమట ఫ్యాను గాలికి చల్లబడింది. సెగ వచ్చిన దారినే మెల్లగా దిగిపోయింది. అత్తగారిలోంచి, వసారాలో ఒక్కర్తీ పడుకున్న ఆవిడలోంచి, లోకంలోని ఇంతమంది తల్లుల్లోంచి నడిచి వెళ్ళినది ఇప్పుడు తనలోంచి నడిచి వెళుతోంది. ఇంత పెద్దదానికి తన ఒళ్ళు దారి ఇస్తోంది, ఇచ్చి నిలబడే ఉంది. ఆమెకు మొదటిసారి భయం వెయ్యలేదు, ఆశ్చర్యం వేసింది.

చెయ్యి చాపి చూసుకుంది. వణుకు లేదు. కత్తి వేసి, వంపు తిప్పింది.